గడువు లేని ఒత్తిడి

యల్లాప్రగడ సుబ్బారావు గారి స్మృతిలో ఏర్పాటైన సభలో మాట్లాడవలసి వచ్చినప్పుడు ఎవరికైనా ఒక చిక్కు ఎదురవుతుంది. ఆయన చేసిన పనుల జాబితా చదివితేనే గంట గడిచిపోతుంది. 1895లో భీమవరంలో పుట్టి 1948లో న్యూయార్క్‌లో ముగిసిన ఆ యాభై మూడేళ్ళ జీవితం గురించి ఈ సభకు కొత్తగా చెప్పవలసింది దాదాపు ఏమీ లేదు. అందువల్ల ఆయన కృషిలో మందుల కన్నా ముందునాటి అధ్యాయం నుంచి ఒక చిన్న అంశాన్ని తీసుకుని, దాని మీదుగా నేటి విషయంలోకి వస్తాను.

సైరస్ ఫిస్కేతో కలిసి సుబ్బారావు గారు హార్వర్డ్ వైద్య కళాశాలలో 1927లో వెల్లడించిన పదార్థం ఫాస్ఫోక్రియాటిన్. కండరంలో అది చేతి ఖర్చుకు ఉంచుకున్న చిల్లర వంటిది. మనిషి ఉన్నట్టుండి పరుగెత్తవలసి వస్తే, దూకవలసి వస్తే, ఊపిరి అందుకుని ప్రాణవాయువు కండరానికి చేరేలోపు ఖర్చయ్యేది అదే. గట్టిగా పరుగెత్తితే ఆ నిల్వ పది సెకన్లకు మించి రాదు. అదే కళాశాలలో ఆ సంవత్సరాల్లోనే శరీరధర్మశాస్త్ర ఆచార్యుడుగా ఉన్న వాల్టర్ కానన్, భయం, ఆకలి, నొప్పి, కోపం దేహంలో తెచ్చే మార్పుల మీద 1915లోనే గ్రంథం ప్రచురించి ఉన్నాడు. పోరాటానికో పలాయనానికో దేహం ఎలా సిద్ధమవుతుందో చెప్పింది ఆయనే. ఇద్దరి పనినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. ఆపదను ఎదుర్కొనే మన యంత్రాంగం చాలా స్వల్పమైన గడువుల మీద నిర్మితమైనది. కండరంలోని నిల్వకు గడువు సెకన్లు. అడ్రినలిన్‌కు నిమిషాలు. కార్టిసాల్ అనే హార్మోన్ పోటెత్తి తగ్గడానికి గంటా రెండు గంటలు. ఈ లెక్కలో ఎక్కడా నెలలు లేవు, సంవత్సరాలు అసలే లేవు.

ఈ సాయంత్రం నేను ప్రతిపాదించేది ఆ గడువుకు సంబంధించిన మాటే. దీర్ఘకాలపు ఒత్తిడి రోగనిరోధక శక్తిని దెబ్బతీస్తుందని ఇప్పుడు అందరూ అంటున్నారు. ఆ మాట తప్పు కాదు గాని సగం మాట. ఒత్తిడి తీవ్రత కన్నా దాని నిడివి దేహానికి ఎక్కువ హాని చేస్తుంది. ఎవరి ఒత్తిడికి గడువు ఉంటుంది, ఎవరిదానికి ఉండదు అన్నది చాలావరకు ఆ మనిషి మనస్తత్వం చేతిలో ఉండదు. కనుక వైద్యుని గదిలో రోజూ వినిపించే "టెన్షన్ పెట్టుకోకండి" అనే సలహా, మంచి ఉద్దేశంతో తప్పు చిరునామాకు పంపిన ఉత్తరం వంటిది.

భాష దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ఒత్తిడి అనే మాటను ఈ అర్థంలో మనం వాడటం ఇటీవలిది. భౌతికశాస్త్రంలో లోహాల మీద పడే బలానికి ఉన్న పేరును వైద్యశాస్త్రం అరువు తెచ్చుకుంది, దాన్ని మన పత్రికలు తెనిగించాయి. అంతకు ముందు మనకు ఉన్న మాటలు వేరు. దిగులు, బెంగ, చింత, వ్యాకులత. బెంగతో మంచం పట్టిందని, దిగులుతో చిక్కి సగమయ్యాడని పల్లెల్లో ఇప్పటికీ అంటారు. రోగాన్ని పెంచేవాటిలో విషాదాన్ని అగ్రస్థానంలో నిలిపింది చరక సంహిత. ఈ పాత మాటల్లో కాలం దాగి ఉంది. ఎవరూ క్షణంసేపు బెంగపడరు. ఉలికిపాటుకు ఒక మాట, బెంగకు వేరే మాట ఉన్న భాష, శాస్త్రం చాలా కష్టపడి తెలుసుకున్న తేడాను ముందే గుర్తుపట్టి ఉంచింది. పరిభాష మారినప్పుడు ఆ తేడా చెరిగిపోయింది. ఉద్యోగపు ఇంటర్వ్యూకు ముందు గుండెదడా, పదేళ్ళుగా మంచాన ఉన్న భర్తకు సేవా, రెండూ ఇప్పుడు ఒత్తిడే.

చరిత్రలోకి వెళ్తే, ఈ శాస్త్రం ఒక అపార్థంతో మొదలైందని చెప్పాలి. మాంట్రియాల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో హాన్స్ సెల్యే 1936 జూలైలో నేచర్ పత్రికకు ఒక చిన్న లేఖ రాశాడు. ఎలుకలను చలిలో ఉంచినా, గాయపరిచినా, అతిగా పరుగెత్తించినా, ప్రాణాంతకం కానంత మోతాదులో మందు ఎక్కించినా, కోసి చూస్తే కనబడే మార్పులు ఒకటే: అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, కడుపు లోపల పుండ్లు పడ్డాయి, థైమస్ గ్రంథీ లింఫు గ్రంథులూ కుంచించుకుపోయాయి. హాని ఏదైనా దేహం ఇచ్చే జవాబు ఒకటేనన్నది ఆయన గ్రహింపు. ఆయన అడ్రినల్ గురించి విస్తారంగా రాశాడు, కడుపు పుండ్ల గురించి లోకమంతా మాట్లాడుకుంది. థైమస్ మాత్రం మూలన పడి ఉంది. రొమ్ము ఎముక వెనుక ఉండే ఆ గ్రంథి దేనికో అప్పటికి ఎవరికీ తెలియదు. వ్యాధులతో పోరాడే టి కణాలు రూపుదిద్దుకునేది అందులోనేనని తేలడానికి జాక్ మిల్లర్ 1961లో చేసిన ప్రయోగాల దాకా ఆగవలసి వచ్చింది. అంటే ఒత్తిడికీ రోగనిరోధక వ్యవస్థకూ ఉన్న బంధం పాతికేళ్ళ పాటు కోసిన ఎలుకల బల్ల మీద అందరి కళ్ళెదుటే ఉంది. చదవడానికి లిపి లేదు, అంతే.

ఆ తర్వాత కూడా చాలాకాలం రోగనిరోధక వ్యవస్థ స్వతంత్రమని, మెదడుతో దానికి సంప్రదింపులు లేవని నమ్మారు. ఆ నమ్మకానికి పెద్ద గండి రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో పడింది. రాబర్ట్ ఆడర్ ఎలుకలకు సాకరిన్ కలిపిన తీపినీళ్ళు తాగించి, వెంటనే కడుపులో వికారం పుట్టించే సైక్లోఫాస్ఫమైడ్ ఎక్కించాడు. తీపిని చూస్తే ఎలుకలు వెనక్కి తగ్గాలన్నది ఆయన కోరిన పాఠం. తర్వాత మందు లేకుండా ఉత్త తీపినీళ్ళే ఇచ్చిన రోజుల్లో కొన్ని ఎలుకలు చనిపోవడం మొదలైంది. ఆ మందు రోగనిరోధక శక్తిని అణచేది కూడా. తీపి రుచి తగిలితే చాలు, మందు లేకుండానే దేహం ఆ అణచివేతను తిరిగి నటిస్తోంది. నికొలస్ కోహెన్‌తో కలిసి 1975లో ఆయన ప్రచురించిన నిరూపణ ఇదే. ఆ మరుసటి దశాబ్దంలో ప్లీహంలోకి, లింఫు గ్రంథుల్లోకి నాడీ తంతువులు వెళ్ళి రక్షక కణాల పక్కనే ముగుస్తున్నాయని డేవిడ్ ఫెల్టెన్ సూక్ష్మదర్శిని కింద చూపించాడు. దారి ఉందని తెలిసింది. ఇక దాని మీద ఏ కబురు నడుస్తోందన్నదే ప్రశ్న.

కబురు ఒకటి కాదు, రెండు. ఇక్కడే సగం మాట ఎందుకు సగమో తెలుస్తుంది. కుక్క వెంటబడినప్పుడు మనిషి రక్షణ తగ్గడం లేదు, పెరుగుతోంది. నిమిషాల్లో సహజ హంతక కణాలు రక్తంలోకి వస్తాయి, కాసేపటికి తెల్లకణాలు రక్తాన్ని విడిచి చర్మానికీ లింఫు గ్రంథులకూ తరలి వెళ్తాయి. కాటు పడేది చర్మం మీదే కదా. వెనుక నుంచి వచ్చే కార్టిసాల్ పని ఆ సన్నాహం శ్రుతి మించకుండా చూసి, పని పూర్తయ్యాక ఆపేయమని చెప్పడం. ఫిలిప్ హెంచ్ 1948 సెప్టెంబరులో మేయో క్లినిక్‌లో కీళ్ళవాతంతో మంచం పట్టిన రోగికి కార్టిసాల్‌కు దగ్గరి చుట్టమైన కార్టిసోన్ ఇచ్చినప్పుడు, కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడవడం లోకానికి అద్భుతమనిపించింది. 1950 నోబెల్ బహుమతి దానికే. దేహం సొంతంగా చేసుకునే ఆ ఆజ్ఞ ఎంత బలమైనదో అప్పుడు తెలిసింది. సుజాన్ సెగర్‌స్ట్రామ్, గ్రెగరీ మిల్లర్ 2004లో 293 అధ్యయనాలను, సుమారు 19,000 మందిని కలిపి చూసినప్పుడు తేలింది ఈ కాలభేదమే. నిమిషాల ఒత్తిడి సహజ రక్షణను ఎగదోస్తుంది. పరీక్షల వంటి కొద్ది రోజుల ఒత్తిడి రక్షణలో ఒక భాగాన్ని అణచి మరో భాగాన్ని లేపుతుంది. ఎప్పుడు ముగుస్తుందో తెలియని ఒత్తిడి మాత్రం దాదాపు అన్ని విధాలా కుంగదీస్తుంది.

ఆ చివరి మాటకు ఒక నిదర్శనాన్ని దగ్గరగా చూద్దాం. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో జానిస్ కీకోల్ట్-గ్లేజర్, ఆమె భర్త రోనల్డ్ గ్లేజర్ 1995లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన ప్రయోగం అది. మతిమరుపు జబ్బుతో ఉన్న బంధువును ఇంట్లో చూసుకుంటున్న 13 మంది స్త్రీలు ఒక వైపు. అదే వయసు, అదే స్థాయి కుటుంబాదాయం ఉండి ఆ భారం లేని 13 మంది మరో వైపు. చర్మం నుంచి ముక్క తీసే చిన్న గొట్టపు కత్తితో ప్రతి ఒక్కరి చేతి మీద మూడున్నర మిల్లీమీటర్ల గాయం చేశారు. ఒక మిరియపు గింజ పట్టేంత. ఆ తర్వాత ఫోటోలు తీస్తూ, గాయం మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేసి చూస్తూ వచ్చారు. నురగ వస్తే లోపల ఇంకా పచ్చిగా ఉందన్నమాట. నురగ రాని రోజు గాయం మానినట్టు. భారం లేని స్త్రీలకు సగటున 39 రోజులు పట్టింది. సేవ చేస్తున్నవారికి 48 రోజులు దాటింది. తొమ్మిది రోజుల తేడా. ఆ స్త్రీలలో ఎవరూ జబ్బుపడినవారు కారు. అడిగితే బాగానే ఉన్నామని చెప్పేవారే. వారి చేతి మీది నురగ వేరే మాట చెప్పింది. ఫ్లూ టీకా విషయంలోనూ ఇదే బృందం ఇటువంటి తేడానే చూసింది: సంరక్షకులలో తక్కువమందికే టీకా గట్టిగా పట్టింది.

ఇంతకన్నా విస్తారమైన సాక్ష్యం ఇంగ్లండులోని సాలిస్‌బరీ నుంచి వచ్చింది. అక్కడి జలుబు పరిశోధన కేంద్రంలో స్వచ్ఛందంగా ముందుకొచ్చిన ఆరోగ్యవంతుల ముక్కులో అయిదు రకాల వైరస్‌లలో ఒకదాని చుక్కలు వేసి, విడిగా ఉంచి గమనించేవారు. ఆ అయిదింటిలో ఒకటి కరోనా కుటుంబానిదే. ఎవరు ఎన్ని కాగితపు రుమాళ్ళు వాడారో కూడా లెక్కపెట్టారు. షెల్డన్ కోహెన్ 1991లో ప్రచురించిన ఫలితంలో, ముందుగా కొలిచిన ఒత్తిడి తక్కువగా ఉన్నవారిలో 27 శాతానికి, ఎక్కువగా ఉన్నవారిలో 47 శాతానికి జలుబు చేసింది. మెట్టు మెట్టుకూ ఆ శాతం పెరుగుతూ పోయింది. తర్వాతి అధ్యయనంలో ఆయన ఒత్తిడి వయసును అడిగాడు. నెల రోజుల లోపు కష్టాలు జలుబు అవకాశాన్ని పెంచలేదు. నెల దాటినవి పెంచాయి. వాటిలో ముఖ్యమైనవి రెండు: పని లేకపోవడం, దగ్గరివారితో తెగని తగాదా. కార్టిసాల్ రక్షణను అణచడమే కారణమైతే ఈ రోగులకు వాపు తగ్గాలి. జలుబు లక్షణాలు చాలావరకు వాపు తెచ్చేవే మరి. అలా జరగలేదు. 2012లో 276 మంది మీద కోహెన్ చూపినది ఇంకా లోతైనది. దీర్ఘకాలపు ఒత్తిడిలో ఉన్నవారి రక్షక కణాలు కార్టిసాల్ మాట వినడం మానేశాయి. కార్టిసాల్ ఉంది, ఆపమని చెబుతూనే ఉంది, వినేవారు లేరు. ఎప్పుడూ మోగే గంటను చివరకు ఇంట్లో ఎవరూ పట్టించుకోనట్టు.

అందుకే రోగనిరోధక శక్తి 'తగ్గింది' అనే మాట సరిపోదు. వైరస్‌ను పట్టుకోవలసిన చోట పట్టు సడలింది, చల్లారవలసిన చోట నిప్పు చల్లారలేదు. రెండూ ఒకే దేహంలో, ఒకే కాలంలో. ఈ చల్లారని వాపే గుండె రక్తనాళాలకు, చక్కెర వ్యాధికి, వృద్ధాప్యపు బలహీనతకు ఎరువు. సంరక్షకుల రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-6 అనే వాపు సంకేతాన్ని ఆరేళ్ళ పాటు కొలిచి 2003లో ప్రచురించిన అధ్యయనంలో, వారిలో దాని పెరుగుదల ఇతరులకన్నా సుమారు నాలుగు రెట్లు వేగంగా ఉంది. సేవ అందుకుంటున్న జీవిత భాగస్వామి చనిపోయాక కూడా, కొన్నేళ్ళ దాకా, ఆ వేగం తగ్గలేదు. ఊరట కలగవలసిన రోజు వచ్చింది, దేహానికి మాత్రం కబురు అందలేదు.

ఇక రెండో భాగం. ఈ గడువు లేని ఒత్తిడి ఎవరి వంతుకు వస్తుంది? లండన్‌లో ప్రభుత్వోద్యోగులను 1967 నుంచి పరిశీలించిన వైట్‌హాల్ అధ్యయనం దీనికి తొలి గట్టి జవాబు. వాళ్ళెవరూ నిరుపేదలు కారు. నెల జీతం ఖాయం, వైద్యం ఉచితం, కూర్చునేది కార్యాలయ భవనాల్లోనే. అయినా కింది హోదాలోని పురుషులకు గుండెజబ్బు మరణాలు పై హోదావారికన్నా మూడు రెట్లకు పైగా ఉన్నాయి. పొగతాగడం, రక్తపోటు, కొవ్వు అన్నీ కలిపినా ఆ తేడాలో సగం కూడా వివరణకు రాలేదు. మైకేల్ మార్మట్ నడిపిన రెండో దశలో, 1985 నుంచి, 10,308 మందిని చూసినప్పుడు ముందుకు వచ్చినది అధికారం అనే అంశం: చేసే పని మీద తనకు ఎంత చెల్లుబాటు ఉందన్నది. పై అధికారికి పని ఎక్కువ, దాన్ని ఎప్పుడు ఆపాలో నిర్ణయించేదీ ఆయనే. గుమాస్తాకు ఆ నిర్ణయం లేదు.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఉంది. ఆరోగ్యం లేనివారే వెనుకబడి ఉండవచ్చు కదా, తిండీ అలవాట్లూ తేడా కావచ్చు కదా అని. మనుషుల హోదాలను ప్రయోగం కోసం మార్చలేం. కోతులవి మార్చవచ్చు. జెన్నీ టంగ్, నోవా స్నైడర్-మాక్లర్ బృందం 2016లో సైన్స్ పత్రికలో ప్రచురించిన పనిలో 45 ఆడ రీసస్ కోతులను అయిదేసి చొప్పున గుంపులుగా చేర్చారు. ముందు వచ్చినదానికి పెద్దరికం, చివర వచ్చినదానికి అట్టడుగు స్థానం దక్కుతాయి. అన్నిటికీ ఒకే తిండి, ఒకే తరహా ఆవరణ, ఒకే పశువైద్యం. అయినా అట్టడుగున ఉన్నవాటి రక్షక కణాల్లో వాపు పుట్టించే జన్యువులు ఎక్కువ చురుకుగా పనిచేశాయి. తర్వాత గుంపులను కలగలిపి వరస మార్చారు. స్థానం మారిన కోతి కణాలు కూడా కొత్త స్థానానికి తగ్గట్టు మారాయి. స్వభావం అదే, రక్తం అదే, వరస మాత్రమే వేరు. ఈ ఒక్క ఫలితం నా దృష్టిలో వంద సర్వేలకు సాటి.

మన నేల మీదికి వస్తే, ఈ గడువుల లెక్కను ఆదాయ వ్యయాల పట్టికల్లోనే చదవవచ్చు. జాతీయ నమూనా సర్వే 2019లో సేకరించిన వివరాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ కుటుంబాల్లో 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం అప్పుల్లో ఉన్నాయి. ఒక్కో కుటుంబం మీద సగటు అప్పు ఆంధ్రలో దేశంలోకెల్లా ఎక్కువ, 2,45,554 రూపాయలు. అప్పు అంకె పెద్దదని నేనీ లెక్క చెప్పడం లేదు. పట్నంలో ఇల్లు కొన్న ఉద్యోగి అప్పు ఇంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. దానికి వాయిదాల పట్టిక ఉంది, చివరి వాయిదా ఏ నెలలో తీరుతుందో కాగితం మీద రాసి ఉంది. కౌలు రైతు అప్పు వానను బట్టి, మార్కెట్ యార్డులో ధరను బట్టి, మిత్తి మీద మిత్తిని బట్టి సాగుతుంది. దానికి చివరి తేదీ వేసే కాగితం ఏదీ లేదు. అదే సంవత్సరం జరిగిన సమయ వినియోగ సర్వేలో జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తుంటే, ఆ పనిలో పాలుపంచుకునే పురుషులు 97 నిమిషాలు వెచ్చించేవారు. ముసలి అత్తగారి పక్క మార్చడం, రాత్రి రెండింటికి లేచి నీళ్ళు పట్టడం ఉద్యోగం కాదు కనుక దానికి పదవీ విరమణ లేదు. ఒహాయోలో కొలిచిన ఆ తొమ్మిది రోజులు ఈ ఇళ్ళలో ఎవరూ కొలవకుండానే గడిచిపోతున్నాయి.

ఈ వాదానికి ఎదురయ్యే ఆక్షేపణల్లో మొదటిది చరిత్ర నుంచే వస్తుంది. సెల్యే కాలం నుంచి యాభై ఏళ్ళ పాటు కడుపు పుండుకు కారణం ఒత్తిడేనన్నారు. పెర్త్‌లో రాబిన్ వారెన్, బారీ మార్షల్ 1982లో హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియాను పట్టుకున్నారు. 1984లో మార్షల్ ఆ బాక్టీరియాను తానే తాగి జబ్బు తెచ్చుకుని చూపాడు. 2005లో నోబెల్ వచ్చింది. ఒత్తిడి సిద్ధాంతం అలా ఒకసారి నవ్వులపాలైంది. కొన్ని వారాల యాంటీబయాటిక్ చేసే పనికి జీవితాన్ని మార్చుకోమని సలహా ఇచ్చిన వైద్యం సిగ్గుపడవలసిందే. కాని కథ అక్కడితో ముగియలేదు. ఆ బాక్టీరియా లోకంలో దాదాపు సగం మంది కడుపుల్లో ఉండేది. వారిలో పదిమందిలో ఒకరికో ఇద్దరికో తప్ప పుండు పడదు. 1995 జనవరిలో కోబె నగరాన్ని భూకంపం కూల్చిన తర్వాత అక్కడి ఆసుపత్రులకు రక్తం కారే కడుపు పుండ్లతో వచ్చినవారి సంఖ్య పెరిగింది. బాక్టీరియా ఆ రోజు కొత్తగా రాలేదు. విత్తనం ఒక శాస్త్రం, నేల మరో శాస్త్రం. ఒకటి నిరూపణ కాగానే రెండోది అబద్ధమైపోదు.

రెండో ఆక్షేపణ ఇంకా న్యాయమైనది, దానికి నేను పూర్తిగా తలవంచుతాను. ఒత్తిడి వల్ల క్యాన్సర్ వస్తుందని, ధైర్యంగా ఉంటే క్యాన్సర్ తగ్గుతుందని ప్రచారం ఉంది. ఐరోపాలోని 12 అధ్యయనాల నుంచి 1,16,000 మంది ఉద్యోగుల సమాచారం కలిపి 2013లో చూస్తే, పనిలో ఒత్తిడికీ పెద్దపేగు, ఊపిరితిత్తులు, రొమ్ము, ప్రోస్టేట్ క్యాన్సర్లకూ సంబంధం కనబడలేదు. సామూహిక చికిత్సా సమావేశాలతో రొమ్ము క్యాన్సర్ రోగుల ఆయుష్షు పెరుగుతుందన్న 1989 నాటి ఆశను 2001లో జరిగిన పెద్ద ప్రయోగం నిలబెట్టలేదు. ఆ సమావేశాల్లో బాధ తగ్గింది, ఆయువు పెరగలేదు. రోగాన్ని మనస్సుకు అంటగట్టడంలో ఒక క్రూరత్వం ఉంది. చనిపోతున్న మనిషి తాను సరిగా ఆశ పెట్టుకోలేదని నేరం మోయవలసి వస్తుంది. క్రూరత్వంతో పాటు లాభం కూడా ఉంది. సెల్యే పరిశోధనలకు అమెరికా పొగాకు పరిశ్రమ డబ్బు ఇచ్చిందని ఆ కంపెనీల కాగితాలే బయటపెట్టాయి. గుండెజబ్బు ఒత్తిడి వల్ల వచ్చిందంటే సిగరెట్టు తప్పించుకుంటుంది. ఇవాళ ఇమ్యూనిటీ పెంచుతామని మందుల దుకాణం గాజు అరలో నిలబడిన పొడులూ రసాలూ ఆ సంప్రదాయానికి వారసులే. రక్షణ వ్యవస్థ ఎక్కువైతే వచ్చే రోగాలు ఎన్నో ఉన్నాయని వాటి లేబుళ్ళు చెప్పవు.

మందు ఉండగా ఈ సామాజిక చర్చ దేనికి అనే వారూ ఉన్నారు. వారి పక్షాన ఒక గొప్ప ప్రయోగం ఉంది, అదీ మన దక్షిణాదిలోనే జరిగింది. మద్రాసులో 1956లో మొదలైన క్షయ చికిత్సా కేంద్రం 193 మంది రోగులను రెండుగా విభజించింది. సగం మందికి శానటోరియంలో మంచి తిండి, విశ్రాంతి, గాలి. మిగిలిన సగం ఇరుకు ఇళ్ళలో, అరకొర తిండితో. మందులు మాత్రం ఇద్దరికీ అవే, ఏడాది పాటు. 1959లో వెలువడిన ఫలితం లోకాన్ని ఆశ్చర్యపరిచింది: ఇళ్ళలో ఉన్నవారికీ దాదాపు అంతే మేలు జరిగింది. ఆ తర్వాత శానటోరియంల యుగం అస్తమించింది. సరైన మందు చేతిలో ఉంటే, పడ్డ రోగి లేవడానికి పరిస్థితులు మారేదాకా ఆగనక్కర్లేదని ఆ ప్రయోగం చెప్పింది, నిజమే. కాని ఎవరు పడతారన్న ప్రశ్న దానిలో లేదు. లోకంలో నాలుగో వంతు మంది దేహాల్లో క్షయ క్రిమి నిద్రపోతోంది. వారిలో నూటికి అయిదు నుంచి పదిమందికే అది జీవితకాలంలో జబ్బుగా మేల్కొంటుంది. ఝార్ఖండ్‌లో క్షయ రోగుల ఇళ్ళవారికి తిండి దినుసులు అందించిన అధ్యయనం 2023లో వెలువడింది. ఆ ఇళ్ళలో కొత్తగా జబ్బుపడేవారు 39 శాతం తగ్గారు. అది తిండి సంగతి, ఒత్తిడి సంగతి కాదు. రెంటినీ కలిపేయడం శాస్త్రం కాదు. కాని కార్టిసాల్ జాతి మందులు దీర్ఘకాలం వాడేవారిలో క్షయ మేల్కొనే ప్రమాదం ఉందని ఏ వైద్య విద్యార్థికైనా తెలుసు. నేల సంగతి పట్టించుకోకుండా విత్తనం ఒక్కదానితో పోరాడటానికి మన దేశం అతి ఖరీదైన చోటు. ప్రపంచంలోని క్షయ రోగుల్లో నాలుగో వంతు ఇక్కడే ఉన్నారు.

పాతకాలంలో కరువులు, కలరాలు, బాల్యమరణాలు చూసిన మన ముందుతరాల వారికి ఇంతకన్నా ఎక్కువ ఒత్తిడి ఉండేదని, అయినా వారు గట్టివారని మరో వాదం తరచు వినబడుతుంది. దీనికి ఎక్కువసేపు వెచ్చించనక్కర్లేదు. గట్టివారు బతికారు, వారినే మనం చూశాం. మిగిలినవారు మన జ్ఞాపకాల్లోకి రావడానికి మిగలలేదు.

సుబ్బారావు గారి దగ్గరకే తిరిగి వస్తాను. తన అన్నదమ్ములిద్దరు ఎనిమిది రోజుల వ్యవధిలో స్ప్రూ అనే పేగు వ్యాధితో పోయిన ఇంటి నుంచి వచ్చి, తానూ ఆ జబ్బుతో తీసుకుని, ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సతో కోలుకున్న మనిషి ఆయన. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. దాన్ని అడ్డుకునే పదార్థాలను కూడా అదే బృందం తయారుచేసింది. వాటిలో అమినోప్టెరిన్‌ను 1947 చివరలో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకు ఇచ్చాడు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్. ఇవాళ విజయవాడలోనో వరంగల్లులోనో కీళ్ళవాతంతో వచ్చే రోగికి మొదట రాసేది సాధారణంగా దాన్నే. తన కీళ్ళ మీదికి తానే తిరగబడిన రక్షణ వ్యవస్థను అది నెమ్మదింపజేస్తుంది. వారంలో ఒకే రోజు వేసుకోవాలి. దాని దుష్ఫలితాలు తగ్గడానికి వేరే రోజు ఫోలిక్ ఆమ్లం మాత్ర. చీటీ మీద ఒకదాని కింద ఒకటిగా ఉండే ఆ రెండు మందులూ ఒకే ప్రయోగశాల బిడ్డలని ఆమెకు తెలియదు, చాలాసార్లు రాసే చేతికీ గుర్తుండదు.

ఆమె అని అనడానికి కారణం ఉంది. ఈ జబ్బు పురుషులకన్నా స్త్రీలలో రెండు మూడు రెట్లు ఎక్కువ. మూడు నెలలకోసారి ఆమె మళ్ళీ వస్తుంది. రక్తకణాల లెక్క, కాలేయ పరీక్ష, కీళ్ళ వాపు అన్నీ కేస్ షీటులో గళ్ళు గళ్ళుగా నిండుతాయి. ఆ కాగితం మీద ఇంకో గడికి చోటుంది. రాయడానికి అర నిమిషం చాలు, అడగవలసిన మాటలు మాత్రం పుస్తకాల్లో దొరకవు. 'అమ్మా, మీ ఇంట్లో మంచాన ఉన్నవాళ్ళెవరైనా ఉన్నారా? రాత్రిళ్ళు లేచేది ఎవరు? ఎన్నేళ్ళ నుంచి?'